నీళ్లలో ఉడికిన మటన్‌కి సారీ చెప్తున్నా: బీజింగ్ రాగి హాట్‌పాట్ సంగతి

ఈ రోజు ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడుతున్నా. పోయిన చలికాలంలో ఒక వీడియోలో నేనొక మాట అన్నాను. "బీజింగ్ హాట్‌పాట్‌లో ఏముంది, వేడినీళ్లలో మటన్ ముంచుకుని తినడమే. జ్వరం పథ్యంలా ఉంది. పైగా నా కడుపు పాడు చేసింది" అని. ఆ మాట తప్పు. సగం తెలియక అన్నా, సగం ఉక్రోషంతో అన్నా. మొన్న మళ్లీ అదే పేటకి, అదే చిన్న షాపుకి వెళ్లి, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని తిన్నాక నాకు అర్థమైంది. తప్పు గిన్నెది కాదు, షాపుది కాదు. తినడం రానిది నాకే.

అందుకే ఈ రోజు ఆ తిండి ఎలా పనిచేస్తుంది, దాన్ని ఎలా తినాలి, నేనెక్కడ బోల్తా పడ్డాను అన్నీ వరసగా చెప్తాను. మీలో బీజింగ్ వచ్చేవాళ్లు, ఇక్కడ చదువుకుంటున్నవాళ్లు ఉన్నారు కాబట్టి పనికొస్తుంది. రానివాళ్లకి కూడా చివర్లో ఇంట్లో చేసుకునే పద్ధతి చెప్తా.

ముందు హాట్‌పాట్ అంటే ఏంటో. టేబుల్ మధ్యలో మరిగే గిన్నె ఉంటుంది. పచ్చి మాంసం, కూరలు ప్లేట్లలో తెచ్చిపెడతారు. ఎవరికి కావలసింది వాళ్లు ముంచి, ఉడికించుకుని, పక్కనున్న సాస్‌లో అద్దుకుని తింటారు. మనం రీల్స్‌లో ఎక్కువగా చూసేది ఎర్రగా, నూనె తేలుతూ, ఎండు మిరపకాయలు నిండా ఉండేది. అది చోంగ్‌చింగ్, సిచువాన్ వైపు పద్ధతి. బీజింగ్ వాళ్లది దానికి పూర్తిగా వేరు. వీళ్లది రాగి గిన్నె, బొగ్గు, మామూలు నీళ్లు, గొర్రె మాంసం. దీన్ని షువాన్ యాంగ్ రౌ అంటారు. షువాన్ అంటే నీళ్లలో ఆడించడం, యాంగ్ రౌ అంటే గొర్రె మాంసం. పేరులోనే పద్ధతి మొత్తం ఉంది.

నేను వెళ్లిన పేట పేరు న్యూజియె. న్యూ అంటే ఎద్దు, జియె అంటే వీధి. బీజింగ్‌లో షిచెంగ్ జిల్లాలో ఉంటుంది. మెట్రో 19వ లైన్‌లో ఇదే పేరుతో స్టేషన్ ఉంది, దిగి నడిస్తే సరిపోతుంది. ఇది హుయ్ ముస్లింల పేట. ఇక్కడి మసీదు 996లో మొదలైందని చెప్తారు. బయటి నుంచి చూస్తే వంపు తిరిగిన పెంకులు, ఎర్ర స్తంభాలతో అచ్చం చైనా గుడిలానే ఉంటుంది. మసీదని నాకు మొదట తెలియలేదు. ఈ వీధిలో మాంసం కొట్లు, మిఠాయి కొట్లు, హాట్‌పాట్ షాపులు వరసగా ఉంటాయి. జుబావోయువాన్ అని బాగా పేరున్న షాపు కూడా ఇక్కడే ఉంది, సాయంత్రమైతే దాని ముందు జనం కుర్చీలేసుకుని తమ నంబర్ కోసం ఎదురుచూస్తుంటారు. నేను వెళ్లింది అది కాదు. పక్క సందులో పది పన్నెండు టేబుళ్లున్న చిన్న షాపు.

ఈ తిండికి, హుయ్ వాళ్లకి ఉన్న బంధం పాతది. బీజింగ్‌లో అందరికీ తెలిసిన దోంగ్ లాయ్ షున్ అనే హాట్‌పాట్ సంస్థని 1903లో ఒక హుయ్ కుటుంబం చిన్న బండి కొట్టుగా మొదలుపెట్టింది. కుబ్లాయ్ ఖాన్ సైన్యం హడావుడిగా యుద్ధానికి బయల్దేరుతుంటే వంటవాడు మాంసం పల్చగా కోసి నీళ్లలో ముంచి ఇచ్చాడనీ, అలా ఇది పుట్టిందనీ ఒక కథ చెప్తారు. అది కథే, రుజువేం లేదు. కానీ 13వ శతాబ్దంలోనే లిన్ హోంగ్ అనే ఆయన తన వంటల పుస్తకంలో కుందేలు మాంసాన్ని పల్చగా కోసి, మరిగే నీళ్లలో ఆడించి తినడం గురించి రాశాడు. అంటే పద్ధతి మాత్రం నిజంగానే పాతది.

సరే, ఇప్పుడు నా మొదటిసారి ఘనకార్యం వినండి. డిసెంబర్, బయట గాలి మొహం మీద బ్లేడుతో గీస్తున్నట్టుంది. నేను, మా ఖమ్మం అక్క, మా తణుకు రూమ్మేట్ వెళ్లాం. ముగ్గురికీ చైనీస్ అంతంత మాత్రం. టేబుల్ మీద కోడ్ స్కాన్ చేస్తే ఫోన్లో మెనూ వచ్చింది. అనువాదం యాప్ పెట్టి చూస్తే మొదటి ఐటెమ్ "పై మెదడు", రెండోది "దోసకాయ పట్టీ". మా రూమ్మేట్‌కి భేజా ఫ్రై అంటే ప్రాణం. వెంటనే "పై మెదడు" రెండు ప్లేట్లు కొట్టేశాడు. వచ్చింది చూస్తే మామూలు మాంసం. దోసకాయ కూడా దోసకాయ కాదు, అదీ మాంసమే. సర్వర్‌తో కాసేపు సైగలతో గొడవ పడ్డాం. ఆయన ఏం చెప్తున్నాడో మాకు తెలియలేదు, మేం ఏం అంటున్నామో ఆయనకి తెలియలేదు.

ఆకలి మీదున్నాం. ప్లేట్ మొత్తం ఎత్తి గిన్నెలో గుమ్మరించాం. మరుగుతున్న నీళ్లు టక్కున ఆగిపోయాయి. కింద ముక్కలు అలాగే ఎర్రగా, పైన ముక్కలు బూడిద రంగులో. పచ్చి మాంసం తీసిన చాప్‌స్టిక్స్‌తోనే తినేశాం. సాస్ కలుపుకోవాలని కూడా తెలియదు, చిన్న గిన్నెలో తెచ్చింది తెచ్చినట్టే పక్కన పెట్టేశాం. మర్నాటి నుంచి రెండ్రోజులు నేను మంచం దిగలేదు. అప్పుడు తీసిందే ఆ వీడియో.

మొన్న రెండోసారి వెళ్లడానికి కారణం మా క్లాస్‌మేట్. ఆ అబ్బాయి న్యూజియెలోనే పుట్టి పెరిగాడు. నా పాత వీడియో సంగతి తెలిసి నవ్వలేదు, కోప్పడలేదు. "ఆదివారం ఖాళీగా ఉంటే రా, మా వీధి తిండి నేను తినిపిస్తా" అన్నాడు, అంతే. నిజం చెప్పనా, అతను తిట్టి ఉంటే నాకు ఇంత సిగ్గుగా ఉండేది కాదు. ఒక పేటలో తరతరాలుగా తింటున్న తిండిని నేను ఒక్క పూట తిని, రెండు నిమిషాల వీడియోలో తేల్చిపారేశాను కదా.

అతను చెప్పిన మొదటి పాఠం పేర్ల గురించి. "పై మెదడు" అని యాప్ చెప్పింది షాంగ్ నావ్ అనే కోత. గొర్రె మెడ వెనక, భుజం పైభాగంలో ఉంటుంది. తలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. మాంసం మధ్యలో సన్నటి కొవ్వు గీతలుంటాయి, మెత్తగా ఉంటుంది. "దోసకాయ పట్టీ" అంటే హువాంగ్ గ్వా త్యావ్, వెనక తొడలో ఉండే పొడవాటి కండ. కొవ్వు తక్కువ, ఆకారం దోసకాయలా. మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ రెండూ చెరో ప్లేట్ చెప్పండి, తేడా నాలిక్కే తెలుస్తుంది.

ఇంకో చిట్కా. చైనీస్‌లో గొర్రె అనే అక్షరానికి పైన రెండు చిన్న కొమ్ములుంటాయి, నిజంగానే గొర్రె తల బొమ్మ నుంచి వచ్చిన అక్షరం అది. బీఫ్ తినని వాళ్లు "న్యూ" అనే మాట ఉన్న ప్లేట్లు వద్దని ముందే చెప్పాలి. ఇక్కడ దొరికే జంతువు పొట్ట ముక్కలు, అంటే మన బోటీ లాంటివి, ఎక్కువగా ఎద్దువే. గిన్నె అందరికీ ఒక్కటే కాబట్టి పక్కవాళ్లు ముంచితే నీళ్లు కలుస్తాయి. తెచ్చాక మొహమాటపడే కంటే ఆర్డర్ చేసేటప్పుడే టేబుల్ మీద తేల్చుకోండి. మనిషికొక చిన్న గిన్నె ఇచ్చే షాపులు కూడా ఉన్నాయి. శాకాహారులకి అవే నయం, కానీ నీళ్లలో ఎండు రొయ్యలు వేస్తారా అని అడగాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన ఇంట్లో మటన్ ఉడకాలంటే కుక్కర్ ఎన్ని విజిల్స్ వేయాలి? మరి వీళ్లకి పది పదిహేను సెకన్లలో ఎలా ఉడుకుతుంది? నేను దీన్ని పచ్చి మాంసం తినిపించే మోసం అనుకున్నా. మోసం కాదు, లెక్క.

మొదటి కారణం మందం. వేడి ముక్క మధ్యలోకి చేరే టైం మందంతో పాటు మామూలుగా పెరగదు, మందం వర్గంతో పెరుగుతుంది. మన కూర ముక్క 2 సెంటీమీటర్లు ఉందనుకోండి. వీళ్ల ముక్క 2 మిల్లీమీటర్లు. మందం పదో వంతే, కానీ టైం దాదాపు వందో వంతు. రెండో కారణం కోత. మనం కూరకి వాడే ముక్కల్లో ఎముక దగ్గరి కండ, నరాలు, పొరలు అన్నీ ఉంటాయి. వాటిల్లో కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ ఎక్కువ. అది కరిగి జిగురులా మారాలంటే గంట సేపు నిదానంగా ఉడకాల్సిందే. కూరకి ఆ చిక్కదనం వచ్చేది కూడా దాన్నుంచే. హాట్‌పాట్‌కి తీసేవి కొలాజెన్ తక్కువున్న కండలు. వాటిని పీచుకి అడ్డంగా కోస్తారు, పీచు పొట్టిగా తెగిపోతుంది, పంటికి అడ్డం పడదు. ఆ ముక్కని ఎక్కువసేపు ఉంచితే మెత్తబడదు సరికదా, ముడుచుకుని రబ్బరవుతుంది. మన అలవాటు ప్రకారం "ఇంకొంచెం ఉడకనీ" అన్నామా, చెడగొట్టినట్టే.

మరి నీళ్లు ఎందుకంత చప్పగా? అల్లం ముక్కలు, ఉల్లికాడలు, నాలుగు గోజీ బెర్రీలు, మన రేగుపండుకి చుట్టమయ్యే ఎండు రేగుపళ్లు రెండు. అంతే. మా క్లాస్‌మేట్ మాట ఏంటంటే, నీళ్లు తేటగా ఉంటే షాపువాడు ఏమీ దాచలేడు. మాంసం పాతదైతే వాసన వెంటనే తెలుస్తుంది. గడ్డకట్టించి కరిగించిన మాంసమైతే నీరు ఓడుతుంది, గిన్నె తొందరగా మురికిగా మారుతుంది. తాజాగా చేత్తో కోసిన మాంసం ప్లేట్‌ని అతను నిలువుగా నిలబెట్టి చూపించాడు. ఒక్క ముక్క జారలేదు, అడుగున చుక్క నీరు లేదు. కొంచెం నురగ ఏ మాంసానికైనా వస్తుంది, దానికి భయపడక్కర్లేదు, గరిటెతో తీసేస్తారు. మసాలాలు నిండిన పులుసులో ఈ పరీక్ష కుదరదు. మన మసాలాని తక్కువ చేసి చెప్పట్లేదండి, నాకు గోంగూర మటన్ తర్వాతే ఏదైనా. కానీ అక్కడ రుచి వంటవాడి చేతిలో ఉంటే, ఇక్కడ మాంసం ఎంచి, కత్తి పట్టినవాడి చేతిలో ఉంటుంది.

గిన్నె సంగతి కూడా చెప్పాలి. మధ్యలో పొగగొట్టం నిలబడి ఉంటుంది, దాని అడుగున నిప్పులు. చుట్టూ కందకంలా నీళ్లు. గొట్టం గాలిని కింది నుంచి పైకి లాగుతుంది కాబట్టి బొగ్గు బాగా రాజుకుంటుంది. రాగి వేడిని వేగంగా అందిస్తుంది కాబట్టి చల్లటి మాంసం వేసినా నీళ్లు తొందరగా మళ్లీ మరుగుతాయి. లోపల కళాయి పూత ఉంటుంది. మా అమ్మమ్మ ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించేది, అచ్చం అదే. ముందు నీళ్లు పోశాకే నిప్పులు వేస్తారు, ఖాళీ గిన్నెలో నిప్పులు వేస్తే పూత, అతుకులు పాడవుతాయి. ఒక జాగ్రత్త. గొట్టం మీదుగా చెయ్యి చాచకండి. చున్నీలు, వేలాడే స్కార్ఫులు ముడేసుకోండి. ఫోన్ గిన్నె మీదకి వంచి వీడియో తీయబోతే ఆవిరికి లెన్స్ పోవడం ఖాయం, చెయ్యి కాలడం బోనస్.

ఇక సాస్. ఆ రోజు నేను పక్కన పెట్టేసిన చిన్న గిన్నె లేకపోతే ఈ తిండి సగమే. అడుగున ఉండేది నువ్వుల ముద్ద, చాలా చోట్ల దాన్లో వేరుశనగ ముద్ద కూడా కలుపుతారు. దాని మీద ఎర్రటి పులిసిన టోఫు, ఉప్పేసి నూరిన ఆకుపచ్చ ఉల్లికాడ పూల ముద్ద. మూడూ బాగా కలిపి, పైన కొత్తిమీర, కావాలంటే మిరప నూనె. కలపకుండా తింటే ఒక ముద్ద ఉప్పు, ఒక ముద్ద చేదు. కలిపితే మాత్రం మన పల్లీ చట్నీకి, నువ్వుల పచ్చడికి పెళ్లి చేసినట్టుంటుంది. మా తణుకు వాడు మాంసం మానేసి సాస్ నాకుతూ కూర్చున్నాడు. వేరుశనగ, నువ్వులు, రొయ్యలు పడనివాళ్లు మాత్రం తప్పకుండా ముందే అడగాలి. సాస్ ఇంకో పని కూడా చేస్తుంది. మరిగే నీళ్లలోంచి తీసిన ముక్కని చల్లబరుస్తుంది. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు తాగడం అన్నవాహిక క్యాన్సర్‌కి కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లోనే చెప్పింది. కాబట్టి గిన్నెలోంచి నోట్లోకి నేరుగా వద్దు.

తినే వరస ఇలా. ముందు గొర్రె తోక కొవ్వు రెండు ముక్కలు వేస్తే నీళ్లకి కొంచెం నూనె తగులుతుంది. తర్వాత మాంసం. మనిషికి రెండు మూడు ముక్కల చొప్పున మాత్రమే వేయండి, నీళ్లు మరుగుతూనే ఉండాలి. ఎరుపు పూర్తిగా పోగానే తీసేయండి. మధ్యమధ్యలో తియ్యగా ఊరబెట్టిన వెల్లుల్లి రెబ్బ కొరికితే కొవ్వు మొహం మొత్తదు. నువ్వులద్దిన షావ్ బింగ్ రొట్టె పక్కన ఉంటుంది. మాంసం అయ్యాకే క్యాబేజీ, సన్నటి గాజు సేమ్యా, గడ్డకట్టించిన టోఫు. ఎందుకంటే ఇవన్నీ మాంసం రుచి దిగిన నీళ్లని పీల్చుకోవాలి. టోఫు గడ్డకట్టినప్పుడు దాన్లోని నీరు మంచు స్ఫటికాలై చిన్న చిన్న కన్నాలు చేస్తుంది, అది స్పాంజీ అవుతుంది. నాకు భలే నచ్చిన విషయం ఇదే. మాంసాన్ని పాడుచేసే ఆ మంచే టోఫుని బాగుచేస్తుంది.

ఇప్పుడు అతి ముఖ్యమైనది, చాప్‌స్టిక్స్. పచ్చి మాంసానికి ఒక జత, నోటికి ఒక జత. అందరూ వాడే జతని గోంగ్ క్వాయ్ అంటారు. అడిగితే అదనంగా ఇస్తారు, చిన్న పట్టకారు ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి. పచ్చి మాంసం మీద ఉండే సూక్ష్మజీవులు మరిగే నీళ్లలో చస్తాయి, కానీ అదే చాప్‌స్టిక్స్ కొనకి అంటుకున్నవి నేరుగా మన నోట్లోకి వస్తాయి. ఆ రోజు నా కడుపు పాడవడానికి ఇదే కారణమా, సగం ఉడికిన ముక్కలా, లేక మధ్యాహ్నం నేను ఇంకెక్కడో తిన్న తిండా, గట్టిగా చెప్పలేను. కానీ రెండు పెద్ద తప్పులు నా చేతులారా చేసి, నింద మాత్రం షాపు మీద వేశాను. అది చెప్పకుండా ఈ ఎపిసోడ్ పూర్తి కాదు.

మర్యాదలు కూడా రెండు ముక్కల్లో. ఇది చింగ్ జెన్ షాపు, అంటే హలాల్. బయటి తిండి లోపలికి తేకూడదు, ముఖ్యంగా పంది మాంసం. చాలా చోట్ల మందు కూడా ఒప్పుకోరు. డబ్బులు ఫోన్‌తోనే. మన ఫోన్‌పే, గూగుల్ పే ఇక్కడ అక్కరకు రావు. అలీపేలో విదేశీ కార్డు జతచేసుకోవచ్చు, ఆ పని హోటల్ గదిలో వైఫై ఉన్నప్పుడే చేసుకోండి. మా నలుగురికి 480 యువాన్లు అయింది. బిల్లు కోసం మా క్లాస్‌మేట్‌తో పోట్లాడి ఓడిపోయాను, ఆ విషయంలో వాళ్లూ మనలాంటి వాళ్లే.

ఇంట్లో చేసుకుందాం అనుకునేవాళ్లకి. దయచేసి మూసిన గదిలో బొగ్గు పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన ఉండవు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు. ఇండక్షన్ స్టవ్ మీద వెడల్పాటి గిన్నె చాలు. మాంసం కొట్టులో ఎముక లేని తొడ ముక్క అడగండి. ఫ్రీజర్‌లో పూర్తిగా గడ్డకట్టకముందే, గట్టిపడగానే తీసి, పీచుకి అడ్డంగా ఎంత పల్చగా వీలైతే అంత పల్చగా కోయండి. మన దగ్గర మటన్ అంటే చాలాసార్లు మేకే కాబట్టి కొవ్వు తక్కువ, కొంచెం గట్టిగా ఉంటుంది, లేత మాంసం చూసుకోండి. వేయించిన నువ్వులు, పల్లీలు నూరి, కొంచెం ఉప్పు, వెల్లుల్లి, కొత్తిమీర. పులిసిన టోఫు దొరక్కపోతే వదిలేయండి. బీజింగ్ రుచి రాదు, కానీ పద్ధతి తెలుస్తుంది.

ఆ రోజు చివర్లో మా క్లాస్‌మేట్ గిన్నెలో మిగిలిన నీళ్లు నాకు చిన్న కప్పులో పోసి, కాస్త ఉప్పు వేసి ఇచ్చాడు. చల్లారనిచ్చి తాగా. మొదట్లో అవి వట్టి నీళ్లు. రెండు గంటల్లో మాంసం, టోఫు, క్యాబేజీ అన్నీ ముంచాక వచ్చిన రుచిని ఇంట్లో చేయాలంటే నాకు ఎన్ని దినుసులు కావాలో తెలియదు. నలుగురం కలిసి వండుకున్న చారు అది. దాన్నే నేను జ్వరం పథ్యం అన్నాను.

పాత వీడియో తీసేయట్లేదండి, ఉంచుతున్నా. దాని కింద ఈ ఎపిసోడ్ లింక్ పెడుతున్నా. తొందరపడి మాటంటే ఎలా ఉంటుందో నాకే గుర్తుండాలి. మీరు కూడా ఎక్కడికైనా వెళ్లి ఏదైనా తిని నచ్చకపోతే, వీడియో తీసే ముందు ఆ ఊరివాళ్లని ఒక్కరిని అడగండి, "దీన్ని ఎలా తినాలి?" అని. సరే మరి, చలి జాగ్రత్త. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.